ఏ పద్దు డబ్బు ఆ పద్దుకే

(చెన్నై టి.నగర్‌లో తెలుగు సంఘాల కోశాధికారులు, కార్యకర్తల సమావేశంలో ఒక విశ్రాంత ఆడిటర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. కోశాధికారుల సభ గదా, సరిగ్గా పదింటికి మొదలవుతుందని లెక్కేసుకుని వచ్చాను. ఆ లెక్క తప్పింది. (నవ్వులు) ఫరవాలేదు, మిగతా లెక్కలు చూద్దాం.

మనం కూర్చున్న ఈ పేట త్యాగరాయ నగర్. ఆ పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది, మన తెలుగువాడు. కిందికి దిగి నాలుగడుగులు వేస్తే పానగల్ పార్కు. ఆ పేరూ తెలుగువాడిదే. పానగంటి రామారాయణింగారు, కాళహస్తి ఆయన. మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా, అంటే ఇప్పటి ముఖ్యమంత్రిలాగా, ఉండగా ఆయన పట్టుబట్టి తెచ్చిన చట్టాల్లో 1925 నాటి హిందూ దేవాదాయ చట్టం ఒకటి. పెద్దలు దీపధూప నైవేద్యాలకని మాన్యాలు రాసిస్తే, దీపం లేదు, నైవేద్యం లేదు, మాన్యం మాత్రం ధర్మకర్త ఇంట్లో మనిషిలా తిరుగుతోంది. ఇదీ ఆనాటి ఫిర్యాదు. ఇచ్చినవాడు దేనికిచ్చాడు, పుచ్చుకున్నవాడు దేనికి పెట్టాడు అని అడిగే అధికారం సర్కారుకు ఉండాలని ఆ చట్టం. వందేళ్ళయింది. సర్కారే పెట్టే ఖర్చు సంగతేమిటని ఇప్పుడు జనం సర్కారును అడుగుతున్నారు. 2025 ఆగస్టులో మద్రాసు హైకోర్టు మదురై బెంచి, గుళ్ళ నిధులతో కల్యాణ మండపాలు కట్టాలన్న తమిళనాడు ప్రభుత్వ ఉత్తర్వులను కొట్టేసింది. పెళ్ళి మాత్రం మనకు సంస్కారమే గదా, తప్పేముంది అని వాదన జరిగింది. మండపం కట్టి అద్దెకివ్వడం మతపరమైన ప్రయోజనం కాదని కోర్టంది. మీరు ఎవరి పక్షమో తర్వాత కాఫీ దగ్గర తేల్చుకోండి. నాకు కావలసింది ఆ ప్రశ్న.

నా ఉద్యోగమంతా లెక్కలు తనిఖీ చేయడంలో గడిచింది. రిటైరయ్యాక మీలాంటి సంఘాలవాళ్ళు పిలిస్తే ఊరికే చూసి పెడుతుంటాను. ఇన్నేళ్ళలో నాకు తగిలిన దొంగలు చాలా తక్కువ. సర్దుబాటుదారులు మాత్రం కొల్లలు. దొంగ సంగతి పోలీసులు చూసుకుంటారు, దాని గురించి ప్రసంగం అక్కర్లేదు. ఈ సర్దుబాటుదారుడు మంచివాడు. సంఘం కోసం సొంత పెట్రోలు పోసుకుని తిరుగుతాడు. ఆయన్ని ఏమీ అనలేం. అదే చిక్కు.

ఒక సంఘం పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. పేద పిల్లల ఫీజులకని విద్యానిధి పెట్టారు. ఇళ్ళు తిరిగి వసూలు చేశారు. ఉగాది వచ్చింది. గాయకుణ్ణి పిలిచారు, హాలు పెద్దది తీసుకున్నారు, మైకులవాడు అడ్వాన్సు అడిగాడు. ఉత్సవం పద్దులో డబ్బు లేదు. విద్యానిధిలో ఉంది. జూన్ దాకా దానితో పనేముంది అనుకున్నారు. నేను చూసినప్పుడు క్యాష్‌బుక్‌లో ఇంకుతో రాసిన వరసల మధ్య ఒక్క వరస పెన్సిల్‌తో ఉంది. ‘విద్యానిధి నుంచి చేబదులు.’ పక్కన మార్జిన్‌లో, ‘ఉగాది తర్వాత సర్దాలి.’ ఏ ఉగాదో రాయలేదు. (నవ్వులు)

నవ్వొస్తుంది గానీ, జూన్‌లో ఒకమ్మాయి పాలిటెక్నిక్‌లో సీటు తెచ్చుకుని వచ్చింది. తండ్రి ఆటో డ్రైవరు. కొంచెం ఆగమ్మా, సర్దుబాటు అవుతుంది అన్నారు. కాలేజీ ఆగుతుందా? తల్లి చెవుల కమ్మలు కుదువపెట్టి కట్టుకున్నారు. నేను అభ్యంతరం రాస్తే కార్యదర్శి చాలా బాధపడ్డాడు. ‘సార్, మేమేమైనా తిన్నామా? మంచి పనికేగా వాడాం?’ అన్నాడు. నిజమే, ఎవరూ తినలేదు. ఉగాది కూడా బ్రహ్మాండంగా జరిగిందట. ఆ పిల్ల వడ్డీ మాత్రం ఎవరి పద్దులోనూ లేదు.

‘మంచి పనికే వాడాం’ అన్న ఈ మాట ఉంది చూశారూ, దీనికి మన సాహిత్యంలో పెద్ద ఆధారమే ఉంది. భద్రాచలం. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. గోల్కొండ నవాబు తానీషా కొలువు. మేనమామలు అక్కన్న మాదన్నలు అక్కడే మంత్రులు. వసూలైన శిస్తు ఖజానాకు పంపాలి. ఆయన గుడి కట్టాడు. కథలో చెప్పే మొత్తం ఆరు లక్షలు. పన్నెండేళ్ళ చెర. మనమంతా చెరసాలలో ఆయన పక్కన కూర్చుని ఏడుస్తాం. తానీషా పక్కన కూర్చుని ఆలోచించినవాళ్ళు నాకు కనపడలేదు. రైతు కట్టిన పన్ను అది. ఏ చెరువు గట్టుకో, ఏ సిపాయి జీతానికో పోవలసింది. పని గొప్పది, సంచీ మాత్రం తనది కాదు. ఇలా అన్నందుకు నన్ను భక్తులు క్షమించాలి, నేనూ ఆ గుడికి వెళ్ళి దండం పెట్టుకునేవాణ్ణే.

కానీ ఆయన నుంచి మన కోశాధికారులు నేర్చుకోవలసింది ఒకటుంది. ఖర్చు దాచలేదు. కీర్తనలోనే లెక్క అప్పజెప్పాడు. ప్రాకారానికెంత పట్టింది, సీతమ్మ పతకానికెంత పట్టింది, తమ్ముళ్ళ నగలకెంత పట్టింది, వరసపెట్టి పాడాడు. జమాఖర్చుల పట్టికను రాగంలో పాడినవాడు ప్రపంచంలో ఇంకొకడున్నాడేమో నాకు తెలియదు. ఇంకోటి. కథ చివర రామలక్ష్మణులు రాత్రివేళ వచ్చి ఆ సొమ్ము తానీషాకు చెల్లిస్తారు గదా. చెల్లించి ఊరికే వెళ్ళిపోలేదు. రసీదు తీసుకున్నారు. (నవ్వులు, చప్పట్లు) ఫోన్లో కొట్టేశాం సార్, రసీదెందుకు అనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సంఘాల్లో మనకు అర్థం కానిది మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఎప్పుడో తెలుసు. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ వేసి ముడివేసి వేంకటేశ్వరస్వామి పటం వెనక పెడతారు. ముడుపు. ఇంట్లో బియ్యం నిండుకున్నా ఎవరూ దాని జోలికి పోరు. మరీ చేతులు కాలి తీయవలసి వస్తే, స్వామికి చెప్పుకుని తీస్తారు, పెట్టేటప్పుడు పైన ఇంకొంత కలిపి పెడతారు. ఆయన వడ్డీకాసులవాడు, ఊరుకోడు. ఇందులో మూడున్నాయి. ముడివిప్పే ముందు అడగడం, ఎంత తీశామో గుర్తుండడం, తిరిగి పెట్టేటప్పుడు వడ్డీ వేయడం. ఆ కార్యదర్శి పెన్సిల్ వరసలో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

సరే, ఇచ్చినవాడు చెప్పినదాన్ని ఎప్పటికీ జవదాటకూడదా? కాలం మారిపోతే ఏం చేయాలి? దీనికి జవాబు మన ఊళ్ళోనే స్తంభాలతో నిలబడి ఉంది. పారిస్ కార్నర్ దగ్గర, ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో పచ్చయప్ప హాలు. కింద బజారు గోలలో తలెత్తి చూడం గానీ, చూస్తే ఏథెన్సులోని పాత గ్రీకు గుడి నమూనా అది.

పచ్చయప్ప మొదలియారు 1754లో పుట్టి 1794లో పోయాడు. నలభై ఏళ్ళు. దుబాషీ పని చేసి లక్షలు గడించాడు. పోయేముందు వీలునామా రాశాడు. ఆస్తిలో పెద్ద భాగం దైవకార్యాలకు, దానధర్మాలకు. కాశీ మొదలు మన దక్షిణాది క్షేత్రాల దాకా ఎక్కడ ఏం జరగాలో ఉంది. ఆయన పోయాక ఏం జరిగిందో మీరే ఊహించవచ్చు. వారసులు కోర్టుకెక్కారు. దశాబ్దాలు. ఆ డబ్బు ఆయన చెప్పినదానికీ పోలేదు, ఇంకోదానికీ పోలేదు, కాగితాల మధ్య పిల్లలు పెట్టింది. అడ్వకేట్ జనరల్‌గా ఉన్న జార్జ్ నార్టన్‌లాంటివాళ్ళు పట్టుకుని లాగితే గానీ, అప్పట్లో మద్రాసుకు ఉన్న సుప్రీంకోర్టులో అది తేలలేదు. తేలేసరికి వడ్డీతో కలిసి ఆయన చెప్పిన ధర్మాలకు కావలసినదానికన్నా ఎక్కువైంది.

ఇప్పుడు ఆ ఎక్కువను ఏం చేయాలి? గుడికే ఇంకో గోపురం కట్టొచ్చు. వారసులు పంచుకోవచ్చు. కోర్టు ఏం చేసిందంటే, ముందు ఆయన రాసిన ధర్మాలకు కావలసిన మూలధనాన్ని విడిగా పెట్టింది. దాన్ని ముట్టలేదు. మిగులును మాత్రం చదువుకు మళ్ళించే పథకాన్ని ఆమోదించింది. 1842 జనవరి 1న బడి తెరిచారు. అదే పెరిగి పచ్చయప్ప కాలేజీ అయింది. గణితవేత్త రామానుజన్ కూడా అందులో కొన్నాళ్ళు చదివాడు. ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడనుకోండి, అది కాలేజీ తప్పు కాదు. (నవ్వులు)

గోపన్నదీ మళ్ళింపే, ఇదీ మళ్ళింపే. రెండూ మంచి పనులే. కానీ పచ్చయప్ప డబ్బు దగ్గర మొదట దాత మాట చెల్లించారు, మిగిలిందెంతో తేల్చారు, మళ్ళించాలా వద్దా అని తమకు తాము కాకుండా బయటివాళ్ళను అడిగారు, ఆ నిర్ణయం కాగితం మీద పడింది. ఇవాళ్టికీ దారి అదే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ ఉంది. ప్రజా ధర్మనిధి మొదటి ఉద్దేశం నెరవేరిపోయినా, నెరవేర్చడానికి వీల్లేకపోయినా, దానికి దగ్గరగా ఉండే ఇంకో ఉద్దేశానికి వాడుకునేలా కోర్టు పథకాన్ని మార్చవచ్చు. ‘దగ్గరగా’ అన్నది గట్టిగా పట్టుకోండి. పుస్తకాల నిధి పలహారాలకు దగ్గర కాదు.

కోర్టు దాకా పోనక్కర్లేకుండా దాత బతికుంటే ఇంకా తేలిక. 2004 డిసెంబరు 26 ఇక్కడ చాలామందికి గుర్తుంటుంది. మెరీనా, పట్టినపాక్కం, కాశిమేడు. ప్రపంచమంతా సునామీ సహాయమని డబ్బు కుమ్మరించింది. మెడిసిన్స్ సాన్స్ ఫ్రాంటియర్స్ అని ఫ్రాన్సులో పుట్టిన డాక్టర్ల సంస్థ ఒకటుంది. అది వారం పది రోజులకే, సునామీ పేరు మీద మాకు ఇంక పంపకండి, మేం చేయగలిగిన పనికి సరిపడా వచ్చేసింది అని ప్రకటించింది. అప్పటికే వచ్చి మిగులుతుందనుకున్న దానికి దాతలకు కబురు పెట్టింది. మీరు సునామీకని ఇచ్చారు, వేరే చోట ఆపదల్లో ఉన్నవాళ్ళకు వాడమంటారా, వెనక్కి పంపమంటారా అని. చాలా కొద్దిమందే వెనక్కి అడిగారు. అంతకు మూడేళ్ళ ముందు అమెరికాలో సెప్టెంబరు దాడుల తర్వాత అక్కడి రెడ్‌క్రాసు దీనికి ఎదురు పని చేసింది. బాధితుల కోసమని ప్రత్యేక నిధి పెట్టి, అందులో కొంత రాబోయే అవసరాలకు అట్టేపెట్టుకుంటామంది. ఆలోచన చెడ్డదేం కాదు, ముందుచూపే. జనం భగ్గుమన్నారు. అధ్యక్షురాలు వెళ్ళిపోవలసి వచ్చింది, సంస్థ మాట వెనక్కి తీసుకుని మొత్తం బాధితులకే అంది. అడిగితే ఇచ్చేవాళ్ళే, అడక్కుండా తీసుకుంటే ఊరుకోలేదు.

వాడకుండా కూర్చోబెట్టడం గురించి కూడా చెప్పాలి, దాన్ని ఎవరూ తప్పుకింద లెక్కేయరు. పైగా, ‘మా సంఘంలో ఇంత డిపాజిట్టుంది’ అని గొప్పగా చెబుతారు. 2014 జూన్ 28న మన మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలింది. 61 మంది పోయారు. వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వచ్చినవాళ్ళున్నారు. మన ప్రాంతంవాళ్ళు, మన భాష మాట్లాడేవాళ్ళు. ఇలాంటి కూలీల కోసమే 1996లో పార్లమెంటు చట్టం చేసింది. కట్టే భవనం ఖర్చులో నూటికి రూపాయి సెస్సు వసూలు చేసి, ప్రమాదాలకు, వైద్యానికి, పిల్లల చదువుకు, పింఛనుకు వాడాలి. 2018 మార్చిలో సుప్రీంకోర్టు లెక్కలు చూస్తే దేశం మొత్తం మీద వసూలైంది 37,400 కోట్ల పైచిలుకు. ఖర్చయింది 9,500 కోట్లు. మిగతాది, సుమారు 28,000 కోట్లు, ఊరికే ఉంది. ఖర్చయినదాంట్లో కూడా లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషిన్లు కొన్నారని బయటపడింది. ఇటుకలు మోసే మనిషికి వాషింగ్ మెషిన్ ఎక్కడ పెట్టుకోవాలి? సిమెంటు బస్తాల మీదా?

డబ్బుంది, చట్టముంది, కూలీ ఉన్నాడు. ఎందుకు చేరలేదంటే, కూలీ పేరు నమోదు కావాలి. సైటు మారినప్పుడల్లా ఊరు మారే మనిషికి ఏ బోర్డులో కార్డు? ఒడిశా సరిహద్దు పల్లె నుంచి వచ్చి పోరూరులో తట్ట మోసేవాడికి తమిళంలో దరఖాస్తు ఎవరు నింపుతారు? ఇక్కడ ఉన్న సంఘాల్లో ఎవరికైనా ఈ ఏడు ఏం చేయాలో తోచకపోతే, ఆదివారాలు సైట్ల దగ్గర బల్ల వేసుకుని ఆ ఫారాలు నింపిపెట్టండి. పైసా ఖర్చు లేదు, వేరేవాళ్ళు పెట్టిన డబ్బు దాని సొంతదారుకు చేరుతుంది. గాయకుణ్ణి వచ్చే ఏడు పిలుచుకోవచ్చు.

కేంద్రం సెస్సులదీ ఇలాంటి కథే. 2018-19లో 2.74 లక్షల కోట్ల దాకా సెస్సులు వసూలైతే, వాటికోసం పెట్టిన నిధుల ఖాతాలకు చేరింది 1.64 లక్షల కోట్లేనని, సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ రాసింది. మిగతాది ఉమ్మడి ఖజానాలోనే ఉండిపోయింది. మాయమైందని కాదు, కలిసిపోయింది. ఆడిట్ భాషలో కలిసిపోవడం మాయమవడానికి పెద్దతమ్ముడు.

మన సంఘాల్లో కలిసిపోవడం ఇప్పుడు ఇంకా సులువైంది. వెనక రసీదు పుస్తకం ఉండేది. కార్బన్ పెట్టి రాస్తే నీలం రంగు నకలు మన దగ్గర ఉండేది. ‘ఏ నిమిత్తం’ అని ఒక గీత ఉండేది, దాని మీద ‘అన్నదానం’ అనో ‘భవనం’ అనో రాయక తప్పేది కాదు. ఇప్పుడు బల్ల మీద క్యూఆర్ కోడ్. ఒకే కోడు, పది పనులు. స్కాన్ చేస్తారు, టింగుమంటుంది, అయిపోయింది. సాయంత్రానికి ఖాతాలో అన్నీ ఒకే రకంగా కనపడతాయి. అన్నదానానికి వచ్చిన వెయ్యీ వెయ్యే, వరద బాధితులకు వచ్చిన వెయ్యీ వెయ్యే. ఎవరైనా గుర్తుపట్టండి చూద్దాం. ఇక్కడ వెంకటనారాయణ రోడ్డులో తిరుమల దేవస్థానంవారి గుడికి వెళ్ళేవాళ్ళకు తెలుసు, హుండీలో వేసేది వేరు, ట్రస్టులకిచ్చేది వేరు. అన్నప్రసాదానికా, ప్రాణదానానికా, గోసంరక్షణకా అని ఇచ్చేవాడే చెప్పి ఇస్తాడు. అంత పెద్ద సంస్థ విడివిడిగా రాసుకోగలిగితే నూటయాభై ఇళ్ళ సంఘం రాసుకోలేదా? పనికో కోడు పెట్టండి. కుదరకపోతే డబ్బు పంపేటప్పుడు నోట్ రాసే గడి ఉంటుంది, అందులో రెండు ముక్కలు కొట్టమనండి. కొట్టకపోతే ఆ రాత్రికే ఫోన్ చేసి అడగండి.

రసీదు మీద ఒక్క వాక్యం అచ్చేయించండి. ‘ఈ పని పూర్తయి మిగిలితే, సర్వసభ్య సమావేశం తీర్మానించిన ఇదే రకం పనికి వాడటానికి నాకు సమ్మతమే / సమ్మతం కాదు.’ దాత ఒకదాన్ని కొట్టేసి సంతకం పెడతాడు. ఇవ్వాళ అర నిమిషం పని, రేపు మీకు పదేళ్ళ తగువు తప్పుతుంది. మూలనిధికి, అంటే అసలు ముట్టకుండా వడ్డీ మాత్రమే వాడే నిధికి, ఇచ్చేవాళ్ళ దగ్గర ఆ సంగతి విడిగా రాయించుకోండి, ఆదాయపు పన్నువాళ్ళు కూడా దాత స్పష్టంగా చెబితేనే దాన్ని మూలనిధిగా ఒప్పుకుంటారు.

ప్రశ్నలుంటే అడగండి.

(నిధిని బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీని సంఘం మామూలు ఖర్చులకు వాడుకోవచ్చా అని ఒకరు అడిగారు.)

దూడ ఆవుతో పోతుందండీ. విద్యానిధి డిపాజిట్టు మీద వడ్డీ విద్యానిధిదే. ఆఫీసు ఖర్చులకు ఇంత శాతం తీసుకుంటామని వసూలు చేసేటప్పుడే చెప్పి ఉంటే, అంతవరకు తీసుకోండి. అది తప్పు కాదు. కరెంటు బిల్లు ఎవరో ఒకరు కట్టాలి. చెప్పకుండా తీసుకోకండి.

(అలా వాడితే జైలేనా అని ఇంకొకరు నవ్వుతూ అడిగారు.)

నమ్మి అప్పగించిన సొమ్మును దురుద్దేశంతో వాడుకుంటే నేరమే. పాత పీనల్ కోడులో 405, 406 అనేవాళ్ళం, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 316. కానీ దురుద్దేశం రుజువు కావాలి. మన సర్దుబాటుదారు సదుద్దేశంతో చేస్తాడు గనక సాధారణంగా దొరకడు. (నవ్వులు) మీరు జైలుకు భయపడి కాదు గదా లెక్క రాసేది.

(వెనక వరసలో కూర్చున్న పెద్దావిడ: ‘మా సంఘంలో తెలుగు మీడియం పిల్లలకు పాఠ్యపుస్తకాలు కొనివ్వడానికని మా మామగారి తరంవాళ్ళు పెట్టిన నిధి ఉంది బాబూ. ఇప్పుడు ఆ మీడియంలో చదివే పిల్లలు దొరకడం లేదు. ప్రొజెక్టరు కొందామంటున్నారు మావాళ్ళు.’)

ప్రొజెక్టరు వద్దమ్మా. మంచి ప్రశ్న అడిగారు. 2006లో తమిళ బోధన చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. అప్పటికే తగ్గుతున్న తెలుగు బళ్ళు ఇంకా తగ్గాయి. నిధి పెట్టినవాళ్ళు ఇది ఊహించలేదు. ముందు మీ ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల తిరువళ్ళూరు వైపు, సరిహద్దు గ్రామాల్లో తెలుగులో చదివే పిల్లలు ఇంకా ఉన్నారేమో వెతకండి. ఉంటే ఉద్దేశం ఇంకా బతికే ఉంది, ఆ పుస్తకాలు వాళ్ళకు కొనండి. నిజంగా లేరని తేలితే, శని ఆదివారాల్లో తెలుగు నేర్చుకునే పిల్లల వాచకాలు దానికి దగ్గర. పెట్టినవాళ్ళ కుటుంబాలవారిని పిలవండి, మీరైతే ఇక్కడే ఉన్నారు. వాళ్ళ ఎదురుగా సర్వసభ్య సమావేశంలో తీర్మానం రాయండి. అది రిజిస్టరైన ట్రస్టయితే తీర్మానం ఒక్కటే చాలదు, వకీలుతో 92 సంగతి మాట్లాడాలి. నిధి పెట్టినప్పటి తీర్మానం పుస్తకం ఉందా మీ దగ్గర?

(‘బీరువాలో ఉండాలి బాబూ.’)

అది పట్టుకురండమ్మా. వాళ్ళు ఏ మాటల్లో రాశారో చూడకుండా నేనూ ఏం చెప్పలేను. వచ్చే ఆదివారం పదింటికి ఇక్కడే కూర్చుందాం. మీ కోశాధికారిని కూడా రమ్మనండి, క్యాష్‌బుక్‌తో.